రాకెట్టు టాంకుకు దుప్పటి ఎందుకు?

కిందటి సంచికలో నేను పొడుపు కథలు రాశాను. ఈసారి ఒక సైన్సు వ్యాసం రాయమని మా సైన్సు టీచర్ గారు చెప్పారు. ఏం రాయాలా అని చాలా ఆలోచించాను. చివరికి మా నాయన చేసే పని దగ్గర మొదలుపెట్టి రాకెట్టు దాకా వెళ్ళాను. తప్పులుంటే క్షమించి నాకు చెప్పగలరు.

1. కోల్డ్ స్టోరేజీ గోడలో ఏముంది?

మా నాయన ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో ముఠా పని చేస్తాడు. మన గుంటూరు, పల్నాడు, ప్రకాశం వైపు మిరపకాయలను కల్లాల్లో ఎండబెట్టి, టిక్కీలకు ఎత్తి, మంచి ధర వచ్చేదాకా కోల్డ్ స్టోరేజీలో పెడతారు గదా. బయటే ఉంచితే ఎండలకు కాయ రంగు పోతుంది, పురుగు పడుతుంది. ఈ వేసవి సెలవుల్లో ఒకరోజు నాయనకు అన్నం క్యారేజీ తీసుకుపోయాను. అది రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండ. తలుపు తీసి లోపల అడుగుపెడితే మాత్రం పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. గోడకు అవతల అంత ఎండ, ఇవతల ఇంత చలి. మధ్యలో ఉంది ఒక్క గోడే.

"నాయనా, ఎండ లోపలికెందుకు రావట్లేదు?" అని అడిగాను.

"గోడలో తెల్లట్ట ఉంటదమ్మా. ఉండలుండలుగా పేలాల్లాగా ఉంటది. ఎత్తితే బరువే ఉండదు. అదే ఆపుతది" అన్నాడు.

ఆ తెల్లట్ట పేరు థర్మోకోల్. కొత్తగా కట్టే వాటిలో చాలాచోట్ల పఫ్ పలకలు వాడుతున్నారు. పఫ్ అంటే పాలీయూరిథేన్ ఫోమ్, అనగా గట్టిపడిన నురుగు. బడి తెరిచాక టీచర్ గారికి ఈ సంగతి చెప్పాను. ఆమె నవ్వి, "మీ నాయన చెప్పిన తెల్లట్టకు దగ్గరి చుట్టం ఒకటి శ్రీహరికోటలో రాకెట్టు ఎక్కుతుంది, తెలుసా?" అన్నారు. ఆ మాట మీదనే ఈ వ్యాసం పుట్టింది.

2. దుప్పటిలో వేడి ఉందా?

చలికాలంలో బొంత కప్పుకుంటే వెచ్చగా ఉంటుంది. కనుక బొంతలో వేడి ఉందని అనుకుంటాము. అది తప్పు. బొంత వేడిని పుట్టించదు. మన ఒంటిలోని వేడిని బయటికి పోనివ్వదు, అంతే. అదే బొంతను ఐసు గడ్డకు కప్పితే బయటి వేడిని లోపలికి రానివ్వదు. అందుకే ఐసు అమ్మేవాళ్ళు గడ్డల మీద ఊక పోసి గోనెపట్టా కప్పుతారు. మనిషికి వెచ్చన, ఐసుకు చల్లన. దుప్పటి చేసేది మాత్రం ఒకే పని.

ఈ సంగతి నిజమా కాదా అని మేము ముగ్గురం కలిసి ఒక ప్రయోగం చేశాము. ఒకే రకం స్టీలు గ్లాసులు రెండు తీసుకున్నాము. రెండింటిలో సమానంగా ఐసు ముక్కలు వేశాము. మొదటి గ్లాసు చుట్టూ పొడి దూది చుట్టాము. రెండో దానికి అంతే దూదిని నీళ్ళలో ముంచి చుట్టాము. తడి ఆరిపోకుండా రెండింటికీ పాలిథిన్ కవరు కట్టాము. తరగతి గదిలో ఒకే బల్ల మీద పెట్టాము. తడి దూది గ్లాసులో ఐసు ముందే కరిగిపోయింది. పొడి దూది గ్లాసులో ఇంకా ముక్కలు మిగిలి ఉన్నాయి.

దూది ఒకటే గదా, తేడా ఎక్కడిది? పొడి దూది పోగుల మధ్య గాలి ఉంది. ఆ గాలి అటూ ఇటూ కదలలేక నిలిచిపోయి ఉంది. కదలని గాలి వేడిని చాలా తక్కువగా వహనం చేస్తుంది. తడి దూదిలో ఆ గాలి పోయి, దాని చోట నీళ్ళు చేరాయి. నీళ్ళు గాలి కంటే ఎక్కువ వేడిని తీసుకుపోతాయి. అంటే వేడిని ఆపినది దూది కాదు, దూది పట్టి ఉంచిన గాలి. మన ప్రత్తి చేల నుంచి వచ్చే దూదికి ఇంత గుణం ఉంది.

ఫోమ్ కూడా ఇదే పని చేస్తుంది. దానిలో కంటికి ఆనని చిన్న చిన్న గదులు లెక్కలేనన్ని ఉంటాయి. ప్రతి గదికీ తలుపులు మూసినట్టే ఉంటుంది. లోపలి వాయువు బయటికి రాదు, బయటి నీరు తేలిగ్గా లోపలికి పోదు. దూది కంటే ఫోమ్ మెరుగైనది అందుకే. అల్యూమినియంతో పోలిస్తే పాలీయూరిథేన్ ఫోమ్ వేల రెట్లు తక్కువ వేడిని వహనం చేస్తుంది.

3. రాకెట్టుకు అంత చల్లని ఇంధనం ఎందుకు?

2023 జులై 14న చంద్రయాన్-3 శ్రీహరికోట నుంచి బయలుదేరింది. ఆగస్టు 23న చంద్రుని మీద దిగింది. దానిని తీసుకుపోయిన రాకెట్టు పేరు ఎల్.వి.ఎం.-3. ఆ రాకెట్టులో మూడు రకాల దశలు ఉన్నాయి. మొదట రెండు పక్కలా ఉన్న ఘన ఇంధన మోటార్లు మండుతాయి. తర్వాత మధ్యలోని ద్రవ ఇంధన దశ మండుతుంది. అన్నిటికన్నా పైన ఉండేది సి-25 అనే క్రయోజెనిక్ దశ. క్రయోజెనిక్ అంటే అతిశీతల అని అర్థం.

సి-25లో సుమారు 28 టన్నుల ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్ పడతాయి. హైడ్రోజన్ ఇంధనం. అది మండటానికి ఆక్సిజన్ కావాలి. పైన అంతరిక్షంలో గాలి ఉండదు కనుక ఆక్సిజన్‌ను కూడా ఇక్కడి నుంచే మోసుకుపోవాలి. రెండూ కలిసి మండితే వచ్చేది నీటి ఆవిరి. ప్రతి కిలోకు ఈ జోడీ ఇచ్చే తోపుడు మిగతా మామూలు రాకెట్టు ఇంధనాల కంటే ఎక్కువ.

హైడ్రోజన్ మామూలుగా వాయువు. అలాగే నింపితే ఎంత పెద్ద టాంకూ చాలదు. చల్లబరిచి ద్రవంగా మారిస్తే 800 రెట్లకు పైగా తక్కువ చోటు చాలు. కానీ హైడ్రోజన్ ద్రవంగా ఉండాలంటే మైనస్ 253 డిగ్రీల సెల్సియస్ చలి కావాలి. ఆక్సిజన్‌కు మైనస్ 183 డిగ్రీలు. మన ఐసు 0 డిగ్రీల దగ్గర ఉంటుంది. అసలు లోకంలో మైనస్ 273 డిగ్రీల కంటే కిందికి ఏదీ పోలేదు. హైడ్రోజన్ దానికి 20 డిగ్రీల దూరంలో ఉంది.

ద్రవమైనా హైడ్రోజన్ చాలా తేలిక. లీటరు నీళ్ళు 1 కిలో బరువుంటే లీటరు ద్రవ హైడ్రోజన్ 71 గ్రాములే. అందుకని దాని టాంకు పెద్దది కావాలి. టాంకు పెద్దదైతే దాని ఒళ్ళూ పెద్దదే. ఒళ్ళు పెద్దదైన కొద్దీ ఎండ తగిలే చోటు పెరుగుతుంది. శ్రీహరికోటలో బయట 30 డిగ్రీలు అనుకోండి. లోపల మైనస్ 253. అంటే తేడా 283 డిగ్రీలు. మా నాయన పనిచేసే చోట తేడా 35, 40 డిగ్రీలకు మించదు.

4. టాంకు మీద ఫోమ్ చేసే పనులు

మొదటి పని వేడిని ఆపటం. వేడి లోపలికి పోతే ద్రవ హైడ్రోజన్ పొయ్యి మీది ఎసరులాగా మరిగిపోతుంది. ఆవిరైన దానిని కవాటం ద్వారా బయటికి వదలాలి, లేకపోతే టాంకు పగిలిపోతుంది. వదిలినకొద్దీ ఇంధనం తగ్గుతుంది. బయలుదేరే ముందు మళ్ళీ మళ్ళీ నింపుతూ ఉండాలి.

రెండవ పని గాలిని లోహానికి తగలనివ్వకపోవటం. చల్లని నీళ్ళ చెంబు పైన చెమట పట్టటం మీరు చూసి ఉంటారు. గాలిలోని నీటి ఆవిరి చల్లని చెంబుకు తగిలి నీరవుతుంది. హైడ్రోజన్ టాంకుకు తగిలితే నీటి ఆవిరే కాదు, గాలి కూడా ద్రవమై బొట్లు బొట్లుగా కారుతుంది. గాలిలోని ఆక్సిజన్ మైనస్ 183 దగ్గర, నైట్రోజన్ మైనస్ 196 దగ్గర ద్రవాలవుతాయి. టాంకు వాటికంటే చల్లన గదా. అలా కారే ద్రవంలో ఆక్సిజన్ పాలు ఎక్కువ కనుక అగ్ని ప్రమాదం కూడా ఎక్కువ.

మూడవ పని మంచు పేరుకోకుండా చూడటం. మంచు పేరుకుంటే బరువు పెరుగుతుంది. ఎగిరేటప్పుడు గడ్డలు ఊడి దేనికైనా తగులుతాయి.

ఈ పనులన్నీ చేస్తూ ఫోమ్ చాలా తేలికగా ఉండాలి. పై దశలో ఒక కిలో బరువు పెరిగితే మోసుకుపోయే ఉపగ్రహంలో ఇంచుమించు ఒక కిలో తగ్గించుకోవాలి. నేల మీద ద్రవ హైడ్రోజన్ దాచే టాంకులకైతే రెండు గోడలు కట్టి మధ్యలో గాలి తీసేస్తారు. మన థర్మాస్ ఫ్లాస్కు లాగా. కానీ రెండు గోడల టాంకు బరువెక్కువ. అంత బరువుతో రాకెట్టు ఎగరలేదు. కనుక ఫోమే గతి.

5. అంటించటమే అసలు కష్టం

ఫోమ్ ఎలా వేస్తారంటే, రెండు ద్రవాలను కలిపి తుపాకీ లాంటి గొట్టంతో టాంకు మీద చల్లుతారు. ఇడ్లీ పిండి పొంగినట్టు అది క్షణాల్లో నురుగై పొంగి గట్టిపడుతుంది. ఆ నురుగును పొంగించటానికి ఒకప్పుడు వాడిన వాయువులు ఓజోన్ పొరను పాడుచేస్తాయని తెలిసింది. 1987లో మాంట్రియల్ ఒప్పందం జరిగాక వాటిని మానేసి వేరేవి వాడవలసి వచ్చింది.

చల్లటం సులువే. ఊడకుండా నిలపటమే కష్టం. లోహం చల్లబడితే ముడుచుకుంటుంది. 10 మీటర్ల పొడవు అల్యూమినియంను మామూలు వేడి నుంచి మైనస్ 253 దాకా చల్లబరిస్తే సుమారు 4 సెంటీమీటర్లు తగ్గుతుంది. ఫోమ్ అంతకన్నా ఎక్కువ ముడుచుకోవాలని చూస్తుంది. ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఒకే దుప్పటిని చెరోవైపు లాగినట్టు, లోహానికీ ఫోమ్‌కూ మధ్య లాగుడు పుడుతుంది. అంటించిన చోట చిన్న దుమ్మున్నా, చమురున్నా, నురుగులో గాలి సందు ఉన్నా అక్కడ విడిపోవచ్చు. ఆ సందులోకి గాలి పోతే ద్రవమవుతుంది. తర్వాత వేడి తగిలినప్పుడు అది మళ్ళీ గాలిగా మారి ఉబ్బి, ఫోమ్ ముక్కను బయటికి తోసేస్తుంది.

6. మన శ్రీహరికోట

శ్రీహరికోట పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న దీవి. ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంచుకున్నారు. అంతకు ముందు నుంచి అక్కడి అడవిలో యానాది కుటుంబాలు బతికేవి. అడవిలో దొరికేవి ఏరుకుని, సరస్సులో చేపలు పట్టుకుని జీవించేవారు. ఆ దీవి నుంచి మొదటి రాకెట్టు, రోహిణి-125, 1971 అక్టోబర్ 9న ఎగిరింది. మన హాస్టల్లో యానాది పిల్లలు చాలామంది ఉన్నారు కనుక ఈ సంగతి రాశాను.

క్రయోజెనిక్ విద్య మనకు సులువుగా రాలేదు. 1991లో రష్యా సంస్థతో ఒప్పందం కుదిరింది. అమెరికా అడ్డుపడింది. 1993లో రష్యా ఆ విద్యను ఇవ్వబోమని, తయారైన దశలను మాత్రం అమ్ముతామని చెప్పింది. 2001 ఏప్రిల్ 18న మన మొదటి జి.ఎస్.ఎల్.వి. ఆ రష్యా దశతోనే ఎగిరింది. మనవాళ్ళు సొంతంగా తయారుచేసిన దశ 2010 ఏప్రిల్ 15న మొదటిసారి ఎగిరి విఫలమైంది. హైడ్రోజన్‌ను తోడే పంపు ఆగిపోయింది. మళ్ళీ ప్రయత్నించి 2014 జనవరి 5న గెలిచారు. మన టాంకుల మీద కూడా పాలీయూరిథేన్ ఫోమ్ పొరే ఉంటుంది.

2022 సెప్టెంబర్ 27న బెంగళూరులో క్రయోజెనిక్ ఇంజన్లు తయారుచేసే కేంద్రాన్ని రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు ప్రారంభించారు. ఆమె సంతాల్ గిరిజన తెగకు చెందినవారు. ఆ సంగతి చదివి నాకు చాలా సంతోషం కలిగింది.

7. వడ్రంగి పిట్టలు ఆపిన రాకెట్టు

ఇప్పుడు అమెరికా సంగతి. వాళ్ళకు 1981 నుంచి 2011 వరకు స్పేస్ షటిల్ అనే వాహనం ఉండేది. విమానం లాంటి షటిల్‌ను ఒక పెద్ద టాంకు పక్కన కట్టి ఎగిరించేవారు. టాంకు ఎత్తు 47 మీటర్లు. దాని మీద చాలావరకు 2.5 సెంటీమీటర్ల మందం ఫోమ్. మొదటి రెండుసార్లు టాంకుకు తెల్లరంగు వేశారు. రంగు మానేస్తే సుమారు 270 కిలోల బరువు తగ్గుతుందని తర్వాత మానేశారు. అందుకే బొమ్మల్లో ఆ టాంకు నారింజ రంగులో కనపడుతుంది. అది ఫోమ్ రంగే.

1995లో డిస్కవరీ అనే షటిల్ ఎగరటానికి సిద్ధంగా నిలబడి ఉంది. వడ్రంగి పిట్టలు వచ్చి ఫోమ్‌ను చెట్టు బెరడు అనుకున్నాయేమో, ముక్కులతో పొడిచి సుమారు 200 రంధ్రాలు చేశాయి. షటిల్‌ను షెడ్డుకు వెనక్కి తీసుకుపోయి బాగుచేయవలసి వచ్చింది. జూన్‌లో ఎగరవలసినది జులై 13న ఎగిరింది. పిట్టలు రాకుండా ప్లాస్టిక్ గుడ్లగూబల బొమ్మలు కూడా పెట్టారు. మన చేలల్లో దిష్టిబొమ్మ పెట్టినట్టే గదా! ఇది చదివి మా రూములో అందరం నవ్వాము. కానీ ఒక మంచి విషయం చూడండి. ఆరోజు వాళ్ళు చిన్న రంధ్రాలను చిన్నవి అని వదిలిపెట్టలేదు.

8. కొలంబియా

కల్పనా చావ్లా గారి పేరు మీ అందరికీ తెలుసు. హర్యానాలోని కర్నాల్‌లో పుట్టి అమెరికాలో వ్యోమగామి అయ్యారు. 2003 జనవరి 16న కొలంబియా షటిల్‌లో మరో ఆరుగురితో కలిసి బయలుదేరారు. ఎగిరిన 82 సెకన్లకు టాంకు ముందు భాగం నుంచి ఒక ఫోమ్ ముక్క ఊడింది. బరువు సుమారు 760 గ్రాములు. అది షటిల్ ఎడమ రెక్క అంచుకు తగిలింది.

తర్వాత రోజు వీడియో చూసి ఇంజినీర్లు ఆ సంగతి గమనించారు. రెక్క పాడైందేమో ఫొటోలు తీయించి చూద్దామని కొందరు అడిగారు. పై అధికారులు అక్కర లేదన్నారు. ఎందుకంటే అంతకు ముందు ఎన్నోసార్లు ఫోమ్ ముక్కలు ఊడాయి. 2002 అక్టోబర్‌లో కూడా అదే చోట ముక్క ఊడింది. ప్రతిసారీ షటిల్ క్షేమంగా తిరిగి వచ్చింది. కనుక ఇది మామూలే అనుకున్నారు.

16 రోజులు అంతరిక్షంలో ప్రయోగాలు చేసి, ఫిబ్రవరి 1న తిరిగి వస్తుండగా, 1,500 డిగ్రీలకు పైగా వేడి ఉన్న వాయువు రెక్కలోని రంధ్రంలో దూరింది. దిగటానికి ఇంకా 16 నిమిషాలుండగా కొలంబియా ముక్కలైపోయింది. ఏడుగురూ చనిపోయారు.

చాలామంది నమ్మలేదు. నురుగు ముక్క రెక్కను పగలగొడుతుందా అన్నారు. 2003 జులై 7న టెక్సాస్‌లో నిజమైన రెక్క పలక మీదికి అంతే ఫోమ్ ముక్కను అంతే వేగంతో కొట్టి పరీక్షించారు. పలకకు సుమారు 40 సెంటీమీటర్ల రంధ్రం పడింది. మన అన్నం పళ్ళెం పట్టేంత రంధ్రం అది.

9. తేలిక వస్తువు ఎలా పగలగొట్టింది?

నాకు కూడా మొదట అర్థం కాలేదు. టీచర్ గారు బస్సు ఉదాహరణ చెప్పారు. పరుగెత్తే బస్సు కిటికీలోంచి దూది పింజ వదిలితే అది వెంటనే వెనక్కి పోతుంది. గాలి దానిని ఆపేస్తుంది. అదే బరువైన వస్తువు జారిపడితే కొంతదూరం బస్సుతో పాటే వస్తుంది. (మీరు మాత్రం బస్సులోంచి ఏమీ వదలకండి.)

ఆ సమయంలో షటిల్ గంటకు 2,500 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతోంది. ఫోమ్ ముక్క తేలిక కనుక కన్ను మూసి తెరిచేలోగా గాలి దాని వేగాన్ని సుమారు 800 కిలోమీటర్లు తగ్గించింది. అంటే ఫోమ్ వచ్చి రెక్కకు తగలలేదు. రెక్కే గంటకు 800 కిలోమీటర్ల తేడాతో వెనక నుంచి వచ్చి ఫోమ్‌ను గుద్దింది. బరువైన ముక్క అయితే ఇంత త్వరగా వెనకపడేది కాదు. తేలిక కావటం వల్లనే వేగం తేడా అంత వచ్చింది.

లెక్క చూద్దాం. మన తొమ్మిదో తరగతి సూత్రమే.

గతిశక్తి = ½ × ద్రవ్యరాశి × వేగం × వేగం
గంటకు 800 కి.మీ. = సెకనుకు 222 మీటర్లు
½ × 0.76 × 222 × 222 = సుమారు 18,700 జౌళ్ళు

ఇది ఎంతో తెలియాలంటే మన టిక్కీతో పోల్చాలి. ఒక మిర్చి టిక్కీ 40 కిలోలు అనుకుందాం. దానిని 1 మీటరు పైకి ఎత్తితే 40 × 9.8 = 392 జౌళ్ళ స్థితిశక్తి వస్తుంది. 18,700 ను 392 తో భాగిస్తే సుమారు 48 వస్తుంది. అంటే 48 మీటర్ల ఎత్తు నుంచి, ఇంచుమించు 15 అంతస్తుల మేడ పైనుంచి, ఒక మిర్చి టిక్కీ పడితే ఎంత దెబ్బో అంత దెబ్బ. ఈ లెక్క చేశాక ఎందుకు పగిలిందో నాకు తెలిసింది.

తర్వాత ఆ చోట ఫోమ్ తీసేసి, మంచు పట్టకుండా విద్యుత్ హీటర్లు పెట్టారు. అయినా 2005 జులైలో మళ్ళీ ఎగిరినప్పుడు వేరేచోట ఫోమ్ ఊడింది. అదృష్టం కొద్దీ తగలలేదు. ఈసారి మామూలే అనలేదు. బాగుచేసేదాకా ఏడాది పాటు ఎగరటం ఆపేశారు.

మన ఎల్.వి.ఎం.-3లో క్రయోజెనిక్ టాంకు కిందా, మోసుకుపోయే వాహనం పైనా ఉంటాయి. ఫోమ్ ఊడినా అది కిందికే పోతుంది. గగన్‌యాన్‌లో మనుషులు కూర్చునే గది కూడా టాంకు పైనే ఉంటుంది. టాంకు పక్కన మనుషులను కూర్చోబెట్టటం షటిల్‌కున్న ఇబ్బంది. అయితే ఫోమ్ ఊడితే వేడి లోపలికి పోవటం మాత్రం ఎక్కడైనా ఒకటే.

10. అట్ట ముక్కేగా!

ప్రమాదం మీద విచారణ చేసినవారు ఒక మాట చెప్పారు. ఫోమ్ ఎంత కారణమో, ఆ సంస్థ పనిచేసే పద్ధతి కూడా అంతే కారణమని. దగ్గరుండి చూసినవారి మాట పైవారు వినలేదు.

ఇది చదువుతుంటే నాకు మా నాయన గుర్తొచ్చాడు. రెండేళ్ళ కిందట నాయన పనిచేసిన చోట తలుపు పక్కన గోడలో థర్మోకోల్ అట్ట ఒకటి పగిలి ఊడింది. ఆ సందులో వేడిగాలి దూరి గోడంతా చెమర్చేది. నీళ్ళు కారి నేల పాచిపట్టింది. ముఠా వాళ్ళు గుమస్తాకు మూడుసార్లు చెప్పారంట. "అట్ట ముక్కేగా, ఏమవుద్ది? మీ పని మీరు చూసుకోండి" అన్నాడంట. ఒకరోజు టిక్కీ వీపు మీద ఉండగా నాయన కాలు జారింది. చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. రెండు నెలలు పని లేదు. అమ్మ ఒక్కతే మిరప కోతకు పోయి ఇల్లు నడిపింది. నన్ను బడి మానిపించాలనే మాట కూడా అప్పుడే వచ్చింది. నాయన ఒప్పుకోలేదు. కట్టు ఉన్న చేత్తోనే నన్ను హాస్టల్‌కు తీసుకొచ్చి దింపిపోయాడు.

మా నాయనకు అక్షరాలు రావు. కానీ ఆ అట్ట ఊడితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. రాకెట్టు ఇంజినీర్లకు చదువు ఉంది, వాళ్ళకూ తెలుసు. ఇద్దరి మాటా ఎవరూ వినలేదు. పదిసార్లు ఏమీ కాకపోతే పదకొండోసారి కూడా కాదని రుజువైనట్టు కాదు. నేను ఈ పాఠంలో నేర్చుకున్నది ఇదే.

కనుక వార్డెన్ మేడమ్ గారికి ఒక మనవి. ఈ గోడపత్రిక పక్కన ఒక నోటుపుస్తకం దారంతో కట్టి పెట్టండి. హాస్టల్లో ఎక్కడ బండ కదిలినా, స్విచ్చి బోర్డు ఊడినా, గడియ విరిగినా చూసిన అమ్మాయి తేదీ వేసి అందులో రాస్తుంది. బాగుచేశాక మీరు పక్కన సంతకం పెట్టవచ్చు. రాయటం రాని చిన్నపిల్లలకు మేము రాసిపెడతాము. మొదటి రోజు నేను రాయవలసినది ఒకటి ఉంది. నీళ్ళ తొట్టి దగ్గర మూడో మెట్టు.

కొత్త మాటలు

ఉష్ణ బంధకం: వేడిని తేలిగ్గా పోనివ్వని వస్తువు. ఉదా: దూది, ఊక, థర్మోకోల్, ఫోమ్.
ఉష్ణ వహనం: వస్తువు కదలకుండానే దానిలో వేడి ఒక కొస నుంచి రెండో కొసకు పోవటం.
క్రయోజెనిక్: అతిశీతల.
ద్రవీకరణం: వాయువు చల్లబడి ద్రవంగా మారటం.

ఆలోచించండి

1. ఐసు గడ్డకు ఉన్ని దుప్పటి కప్పితే త్వరగా కరుగుతుందా, ఆలస్యంగా కరుగుతుందా? ఎందుకు?
2. పాత బొంతను ఎండలో వేసి దులిపితే మళ్ళీ వెచ్చగా ఉంటుంది. కారణం ఏమిటి?
3. 760 గ్రాముల ఫోమ్ ముక్క గంటకు 400 కి.మీ. తేడాతో తగిలితే గతిశక్తి ఎంత? అది సగమా, పావు వంతా?

జవాబులు తెలిసినవారు కాగితం మీద రాసి నాకు ఇవ్వండి. సరైన జవాబులు రాసిన వారి పేర్లు వచ్చే సంచికలో వేస్తాము.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని